రెండు దశల రాకెట్: 54 మి.మీ. మోటార్ మీద 38 మి.మీ. మోటార్. పై మోటార్ ఎప్పుడు అంటుకోకూడదో ముందు తేల్చుకుందాం

#1 · పినాకపాణి54 · డాలస్

హై పవర్ రాకెట్రీలో లెవల్ 2 సర్టిఫికేషన్ అయ్యి, డ్యూయల్ డిప్లాయ్ (శిఖరం దగ్గర చిన్న డ్రోగ్ పారాచూట్, కిందికి వచ్చాక పెద్ద మెయిన్ పారాచూట్) చేతికి అలవాటైనవాళ్లు తర్వాత ఏం కట్టాలి అన్న ప్రశ్న ఇక్కడ తరచూ వస్తోంది. ఎత్తు కోసం ఇంకా పెద్ద మోటార్ పెట్టడం ఒక దారి. నా ఓటు మాత్రం రెండు దశల రాకెట్‌కి. కాగితం మీద ఉన్న డిజైన్ కింద పెడుతున్నాను, ఎపాక్సీ కలపకముందే తప్పులు పట్టండి.

మొత్తం 3 అంగుళాల ఫైబర్‌గ్లాస్ గొట్టం, పైనా కిందా ఒకటే వ్యాసం. బూస్టర్ (కింది దశ) 36 అంగుళాలు, సస్టెయినర్ (పై దశ) ముక్కుతో కలిపి 60. కింద ఏరోటెక్ కె-550డబ్ల్యూ, 54 మి.మీ., సుమారు 1,500 న్యూటన్-సెకన్లు. పైన ఐ-435టి, 38 మి.మీ., సుమారు 570. ప్యాడ్ మీద అంతా కలిపి 6 కిలోలు, అందులో మోటార్‌తో సహా సస్టెయినర్ వాటా 2.6. ఫిన్లు (తోక రెక్కలు) 3.2 మి.మీ. జి10 ఫైబర్‌గ్లాస్ రేకు, గొట్టం గోడలోంచి మోటార్ మౌంట్ దాకా.

నాలుగు సందేహాలు. ఇగ్నిషన్ ఎలక్ట్రానిక్స్ సస్టెయినర్‌లో పెట్టాలా, రెండు దశలను కలిపే లోపలి గొట్టం, అంటే కప్లర్‌లో పెట్టాలా? దశలు విడగొట్టడానికి చిన్న పేలుడు చార్జ్ కావాలా, గాలి లాగుడు చాలా? బూస్టర్ ఆరాక ఎన్ని సెకన్లు ఆగాలి? వాలు (నిట్టనిలువు నుంచి ఒరగడం) హద్దు ఎన్ని డిగ్రీలు?

#2 · నింగిదారి · శాక్రమెంటో

ముందు లెక్కలు. 6 కిలోలంటే 59 న్యూటన్లు, కింది మోటార్ సగటు తోపు 550ని దాంతో భాగిస్తే 9.3. హాబీ రాకెట్ల సేఫ్టీ కోడ్ కనీసం 3 అంటుంది. రెండు దశలకు ఆ 3 సరిపోదు, 8కి తగ్గకుండా చూసుకోవాలి. మీది బాగుంది. 12 అడుగుల 1515 రైలు (ప్యాడ్ మీద రాకెట్‌ని నిటారుగా నడిపించే కమ్మీ) మీద పై బటన్ (రాకెట్‌ని రైలుకి పట్టి ఉంచే గుండీ) జారిపోయేలోపు 3 మీటర్ల దూరం దొరికితే రైలు వదిలే వేగం సుమారు 22 మీ/సె. ఆ క్షణాన 5 మీ/సె అడ్డగాలి ఉంటే రాకెట్‌కి గాలి 13 డిగ్రీల పక్కనుంచి తగిలినట్టే. వెంటనే ముక్కు గాలి వైపు తిరుగుతుంది, ఆ వాలు మీదే రెండో మోటార్ అంటుకుంటుంది. కోడ్ గంటకు 20 మైళ్ల గాలి దాకా ఒప్పుకుంటుంది కానీ ఈ రాకెట్‌ని 10 దాటితే ఎగరేయకండి.

రెండు మోటార్ల మొత్తం 2,070. కె తరగతి 1,280 నుంచి 2,560 కాబట్టి లెవల్ 2 సరిపోతుంది. ప్యాడ్‌కి మనుషులు ఎంత దూరం ఉండాలో చెప్పే పట్టికలో మాత్రం మామూలు వరుస చూడకండి. కె తరగతికి ఒకే మోటార్ అయితే 200 అడుగులు, దశలున్న రాకెట్‌కి 300.

స్థిరత్వం (బరువు కేంద్రానికీ గాలి ఒత్తిడి కేంద్రానికీ మధ్య దూరం) రెండుసార్లు చూడాలి: మొత్తం రాకెట్‌కి ఒకసారి, నిండు మోటార్‌తో ఉన్న సస్టెయినర్‌కి విడిగా ఒకసారి. సస్టెయినర్ మోటార్ కాలిపోయాక బరువు కేంద్రం ముందుకు జరుగుతుంది కాబట్టి అప్పుడు బాగానే కనిపిస్తుంది. ఇబ్బంది అంతా అంటుకునే క్షణంలోనే. పైగా 96 అంగుళాల సన్నటి రాకెట్‌కి ఒకటిన్నర కాలిబర్ (ఒక కాలిబర్ అంటే ఒక వ్యాసం) అన్న పాత లెక్క చాలదు. పొడవులో పదో వంతు చూడండి. అంటే 9.6 అంగుళాలు, మీ వ్యాసంలో మూడు కాలిబర్లు. ఓపెన్‌రాకెట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో చూశాక ధ్వని వేగం దగ్గర అంకెలకు రాస్‌ఏరోలో కూడా ఒకసారి నడపండి.

ఇక మీ నాలుగు ప్రశ్నలకన్నా ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. పై మోటార్ అంటుకోకపోతే ఏమవుతుంది? రెండు దశల రాకెట్‌లో అది అరుదైన ప్రమాదం కాదు, మామూలుగా జరిగే సంగతి. దాన్ని పక్క కేసుగా కాక అసలు కేసుగా పెట్టుకుని డిజైన్ చేయండి. అంటుకుంటే లాభం అనుకోండి. అప్పుడు ఎలక్ట్రానిక్స్ ఎక్కడ, వాలు ఎంత అన్నవాటికి సమాధానాలు వాటంతట అవే వస్తాయి.

#3 · జి10_గోపాలం · హ్యూస్టన్

కట్టుబడి గురించి. దశల మధ్య కప్లర్ రెండు వైపులా కనీసం ఒక వ్యాసం లోపలికి వెళ్లాలి, అంటే 3 అంగుళాలు. నేనైతే సస్టెయినర్ వైపు నాలుగు ఇస్తాను. వదులు ఎంత నష్టమో చూడండి: 75 మి.మీ. పొడవు జాయింట్‌లో 1 మి.మీ. ఆట ఉంటే, ఒకటిన్నర మీటర్ల పైనున్న ముక్కు దగ్గర అది 20 మి.మీ. పక్కకు వాలడం. రాకెట్‌ని బల్ల మీద అడ్డంగా పెట్టి, బూస్టర్‌ని గట్టిగా పట్టుకుని ముక్కు కొనను వేలితో పైకీ కిందికీ కదపండి. ‘టక్ టక్’మని జాయింట్ చప్పుడు చేస్తే అది ఇంకా సిద్ధం కాలేదు.

మందం పెంచడానికి మాస్కింగ్ టేప్ చుట్టడం బల్ల మీద బాగానే ఉంటుంది, ఎండలో దాని జిగురు మెత్తబడి పట్టేస్తుంది. కప్లర్ మీద పల్చటి ఎపాక్సీ పూత పూసి, ఆరాక 220 ఇసుక కాగితంతో తడిపి రుద్దుతూ సరిపోయే దాకా తేవడం మేలు. చివర్లో బేబీ పౌడర్ రుద్దండి. సస్టెయినర్‌ని నిలువుగా పట్టి ఎత్తితే, బూస్టర్ తన బరువుకి మెల్లగా జారి ఊడాలి. అంత బిగువు చాలు.

ఫిన్ల విషయం మీకు తెలిసిందే: 80 కాగితంతో గీకడం, 10 నుంచి 12 మి.మీ. వ్యాసార్ధం ఫిల్లెట్ (ఫిన్ మొదట్లో మూలని నింపే ఎపాక్సీ). 3.2 మి.మీ. జి10 ఈ వేగాలకు తట్టుకుంటుంది, ఫిన్ వెడల్పు మరీ పెంచకండి.

#4 · బూస్టర్_బుజ్జి · ఫీనిక్స్

నేను కప్లర్‌లో ఎలక్ట్రానిక్స్ పక్షం. కారణం తీగ. ఇగ్నిషన్ బోర్డు కప్లర్‌లో ఉంటే ఇగ్నైటర్ (మోటార్‌ని వెలిగించేది) తీగ ఒక అడుగు, నేరుగా పైనున్న నాజిల్‌లోకి వెళ్తుంది. సస్టెయినర్‌లో పెడితే ఏవియానిక్స్ బే నుంచి ఫిన్ల దాకా మూడడుగుల తీగ, మధ్యలో కనెక్టర్, సెంటరింగ్ రింగులకు (మోటార్ గొట్టాన్ని మధ్యలో నిలిపేవి) రంధ్రాలు. చెడిపోయే చోట్లు పెరుగుతాయి. కప్లర్ పద్ధతిలో విడగొట్టే చార్జ్ కూడా అక్కర్లేదు, పై మోటార్ మంటే బూస్టర్‌ని కిందికి తోసేస్తుంది. ఇంకో రక్షణ కూడా ఉంది: ముందే ఊడిపోతే తీగ తెగుతుంది, మోటార్ అంటుకోదు.

#5 · వైరింగ్_వాణి · ఆస్టిన్

బుజ్జి గారూ, చివర్లో మీరు రక్షణ అన్నదే ఆ పద్ధతిలోని లోపం. బూస్టర్ ఆరగానే దాని మీద గాలి లాగుడు ఎక్కువ, సస్టెయినర్ మీద తక్కువ. అందుకే జాయింట్ తనంతట తానే ఊడాలని చూస్తుంది. అది ఆపాలంటే షియర్ పిన్నులు (గట్టి తోపుకి తెగిపోయే సన్నటి నైలాన్ స్క్రూలు) పెట్టాలి. పిన్నులు పెడితే అంటుకోని సస్టెయినర్ బూస్టర్‌తో కలిసే ఎపోజీకి (ఎగురుడు శిఖరానికి) వెళ్తుంది. అప్పుడు పారాచూట్ ఏ బరువుకి? 6 కిలోల రాకెట్‌లో బూస్టర్ ఇంధనం సుమారు 0.9 కిలో పోగా మిగిలిన 5 కిలోలూ 2.6 కిలోల కోసం కొన్న పారాచూట్ మీద దిగుతాయి. నింగిదారి గారు చెప్పిన ‘అంటుకోకపోతే’ కేసు అక్కడే తప్పుతుంది.

విడగొట్టడం, వెలిగించడం వేర్వేరు పనులుగా ఉండాలి. బూస్టర్ ఆరిన అర సెకనుకి విడిపోవాలి, రెండో మోటార్ అంటుకున్నా అంటుకోకపోయినా. తర్వాత ఒక్కటిగా ఎగురుతున్న సస్టెయినర్ తన వేగం, ఎత్తు, వాలు తానే కొలుచుకుని నిర్ణయం తీసుకోవాలి. కాబట్టి ఎలక్ట్రానిక్స్ సస్టెయినర్‌లోనే.

తీగ సంగతి అంత కష్టం కాదు. 3 అంగుళాల గొట్టంలో 38 మి.మీ. మౌంట్ అంటే చుట్టూ 17 మి.మీ. ఖాళీ. ఫిన్లు అతికించకముందే సెంటరింగ్ రింగులన్నిటిలో ఒకే వరుసలో 6 మి.మీ. రంధ్రం వేసి, సన్నటి ఇత్తడి గొట్టం పై రింగు నుంచి కింది రింగు దాకా ఎపాక్సీతో నిలపండి. గొట్టం రెండు కొసల్లోపల అంచు రౌండ్ ఫైల్‌తో నున్నగా చేయాలి, లేకపోతే తీగ తొడుగు కోసుకుపోతుంది. 22 గేజ్ మెలితిప్పిన జంట తీగ లాగండి, ఒంటి కమ్మీ తీగ వద్దు, పోగులదే కావాలి. మెలితిప్పడం ఎందుకంటే అదే గొట్టంలో ట్రాకర్ రేడియో పనిచేస్తోంది, విడివిడిగా ఉన్న రెండు తీగలు యాంటెనాలా ప్రవర్తిస్తాయి.

స్క్రూ టెర్మినల్‌లో పెట్టే కొసకు టంకం వేయకండి. టంకం మెత్తటిది, ఒత్తిడికి మెల్లగా జరిగిపోయి స్క్రూ వదులవుతుంది. తీగ తొడుగు సరిగ్గా టెర్మినల్ నోటి దాకా ఉండాలి. పోగులు మెలితిప్పి లోపలికి దూర్చి, స్క్రూ బిగించాక తీగ పట్టి లాగి చూడండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలితే చాలు, మెయిన్ పారాచూట్ చానల్ (చార్జ్‌ని పేల్చే అవుట్‌పుట్) ఎపోజీలోనే పేలుతుంది.

బ్యాటరీ కూడా. ఐ-435 సస్టెయినర్‌ని దాదాపు 17 జీలతో తోస్తుంది. 45 గ్రాముల 9 వోల్టుల బ్యాటరీ అప్పుడు ముప్పావు కిలో అవుతుంది. స్నాప్ పైన, బ్యాటరీ కింద వేలాడేలా కట్టితే ఊడిపోవడమే. బ్యాటరీ అడుగు బల్క్‌హెడ్‌కి (గొట్టంలోని అడ్డు పలకకి) ఆనాలి, రెండు జిప్ టైలు అడ్డంగా, ఒకటి నిలువుగా. లీపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వాడితే దాని లోపల కరెంట్ కోసేసే రక్షణ బోర్డు ఉందేమో చూడండి. ఇగ్నైటర్ పేలే క్షణంలో అది షార్ట్ అనుకుని కోసేస్తే ఫ్లయిట్ కంప్యూటరే ఆగిపోతుంది.

#6 · బూస్టర్_బుజ్జి · ఫీనిక్స్

5 కిలోలు ఒకే పారాచూట్ మీద అన్న లెక్క ఒప్పుకుంటున్నాను, విడగొట్టడం వేరుగా ఉండాల్సిందే. అయితే ఒక హెచ్చరిక. విడగొట్టే చార్జ్ పేలే చోటే పైన సస్టెయినర్ నాజిల్ నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ వేడి వాయువు మోటార్ కోర్‌లోకి (ఇంధనం మధ్యనున్న బోలులోకి) వెళ్తే ఏ కండిషనూ చూడకుండా మోటార్ అక్కడే అంటుకోవచ్చు, వాలు లాక్ చేసేదేమీ ఉండదు. కప్లర్ పై బల్క్‌హెడ్ నాజిల్‌కి దగ్గరగా ఉండాలి, నాజిల్‌కి ప్లాస్టిక్ మూత బిగుతుగా ఉండాలి, చార్జ్ చిన్నదిగా ఉండాలి. లేదా చార్జే వద్దు, గోపాలం గారు చెప్పిన జారుడు జాయింట్‌తో గాలి లాగుడుకే వదిలేయండి. ఈ బరువుకి, ఈ వేగానికి అది నమ్మదగినదే. బూస్టర్ ఫిన్లు సస్టెయినర్ ఫిన్లకన్నా పెద్దవి కాబట్టి లాగుడు బూస్టర్ మీదే ఎక్కువ పడుతుంది.

#7 · వైరింగ్_వాణి · ఆస్టిన్

అవును, ఒకే వ్యాసం ఉన్న చిన్న రాకెట్‌కి గాలి లాగుడు చాలు. పిన్నులు లేకుండా, చార్జ్ లేకుండా. నా మాట సవరించుకుంటున్నాను.

#8 · నింగిదారి · శాక్రమెంటో

వాలు హద్దు. ఇక్కడ 20, 25 అని రాస్తున్నవాళ్లు ఒక గుణకారం చేయాలి. సస్టెయినర్ మోటార్ ఆరేసరికి వేగం 340 మీ/సె అనుకుందాం. 20 డిగ్రీల వాలులో పక్కకి వెళ్లే వేగం అందులో 0.34 వంతు, అంటే 116 మీ/సె. ఎపోజీకి ఇంకా 15 సెకన్లు. గాలి నిరోధం కొంత తగ్గించినా కిలోమీటర్ పైనే పక్కకి, అదీ డ్రోగ్ తెరుచుకోకముందే. ఎపోజీలో కూడా ఆ అడ్డ వేగం మిగిలే ఉంటుంది, డ్రోగ్ తెరుచుకోగానే తాడు గొట్టాన్ని చీల్చేది అందుకే. 10 డిగ్రీల దగ్గర ఇదే 59 మీ/సె. పైగా వాలు ఉన్నచోట ఆగదు, గురుత్వం రాకెట్‌ని ఇంకా వంచుతూనే ఉంటుంది. నా హద్దు 15. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 12 అయినా తప్పులేదు. అంటుకోని ఎగురుడు వల్ల పోయేది ఒక మధ్యాహ్నం మాత్రమే.

ఒక మెలిక: మీ బోర్డు వాలును నిట్టనిలువు నుంచి కొలుస్తుందా, రైలు మీద నిలబెట్టిన దిక్కు నుంచి కొలుస్తుందా మాన్యువల్‌లో చూడండి. రైలే 4 డిగ్రీలు వాల్చి పెడితే ఆ రెండింటికీ అంత తేడా ఉంటుంది. గైరో లెక్క కాలం గడిచేకొద్దీ కొద్దికొద్దిగా తప్పుతుంది. రాకెట్ నిలువు అక్షం మీద గిర్రున తిరుగుతుంటే ఇంకా ఎక్కువ. ఫిన్లు జిగ్‌లో పెట్టి నిటారుగా అతికించడానికి ఇదీ ఒక కారణమే.

#9 · పినాకపాణి54 · డాలస్

సస్టెయినర్‌లో ఈజీమెగా ఫ్లయిట్ కంప్యూటర్, దానికి తోడు రికవరీకి (పారాచూట్లకి) మాత్రం స్ట్రాటోలాగర్ సీఎఫ్ ఆల్టిమీటర్ (ఎత్తు కొలిచేది) అనుకుంటున్నాను. ఇగ్నిషన్ చానల్‌కి ఏ కండిషన్లు పెట్టాలి? టైమర్ ఒక్కటే చాలదని అర్థమైంది.

#10 · వైరింగ్_వాణి · ఆస్టిన్

ఇగ్నిషన్‌కి ఒక్క కంప్యూటరే. రెండోది పెడితే నమ్మకం పెరగదు, తప్పుగా వెలిగించే అవకాశం రెట్టింపవుతుంది. రికవరీకి మాత్రం రెండు ఉండాల్సిందే.

మీ సిమ్ (సిమ్యులేషన్) ప్రకారం కె-550 మూడు సెకన్లలోపు ఆరుతుంది. 5 సెకన్ల దగ్గర ఎత్తు 2,300 అడుగుల చుట్టుపక్కల, వేగం 170 మీ/సె ఉండాలి. మీ బరువు తూచి మళ్లీ నడిపి ఈ అంకెలు మార్చుకోండి.

మొదటి మోటార్ ఆరిన తర్వాత మాత్రమే.
లాంచ్ నుంచి సమయం 5 సెకన్లకన్నా ఎక్కువ, 7 కన్నా తక్కువ.
ఎత్తు 1,600 అడుగులకన్నా ఎక్కువ. ఇది సిమ్‌లో వచ్చినదానికి 70 శాతం.
వేగం పైకి 90 మీ/సె కన్నా ఎక్కువ.
వాలు 15 డిగ్రీలకన్నా తక్కువ.

అన్నీ ఒకేసారి నిజమైతేనే చానల్ పేలుతుంది. చాలామంది మరిచేది ఆ 7 సెకన్ల పై హద్దు. అది లేకపోతే, 5వ సెకనులో 18 డిగ్రీలున్న రాకెట్ ఊగుతూ 9వ సెకనులో ఒక క్షణం 14కి వస్తుంది. కండిషన్లు కలుస్తాయి, మెల్లగా వెళ్తున్న, వాలుతున్న రాకెట్ మీద మోటార్ అంటుకుంటుంది. కిటికీ తెరవడం ఎంత ముఖ్యమో మూయడం అంతే ముఖ్యం.

ఎత్తు హద్దు ఎందుకంటే బూస్టర్ సగం బలంతో కాలినా, పక్కకి వెళ్లినా 1,600 దాటదు. వాలు సెన్సర్ తప్పు చెప్పిన రోజున ఈ హద్దే కాపాడుతుంది.

ఎక్కువసేపు ఊపు మీద వదిలితే ఎత్తు పెరుగుతుందని సిమ్ చూపిస్తుంది. కాగితం మీద అది నిజమే. కానీ వేగం తగ్గేకొద్దీ ఫిన్ల పట్టు తగ్గుతుంది, వాలు పెరుగుతుంది. ఆరాక రెండు, రెండున్నర సెకన్లు చాలు. ఇగ్నైటర్ పేలాక మోటార్ ఒత్తిడి పుంజుకోవడానికి ఇంకో అర సెకనో, సెకనో పడుతుంది. సిమ్‌లో ఆ ఆలస్యం కూడా కలపండి.

#11 · బూస్టర్_బుజ్జి · ఫీనిక్స్

మోటార్ ఎంపిక మంచిది. బ్లూ థండర్ (పేరులో టి ఉన్న ఇంధనం) తేలిగ్గా అంటుకుంటుంది, వైట్ లైట్నింగ్ (డబ్ల్యూ ఉన్నది) మొండికేస్తుంది. నేల మీద ఒకటి రెండు సెకన్లు ఆలస్యమైతే ఫరవాలేదు, గాల్లో అదే ఆలస్యం రాకెట్‌ని వాల్చేస్తుంది. అందుకే వైట్ లైట్నింగ్ కింద, బ్లూ థండర్ పైన అన్న మీ అమరిక సరైనదే.

ఇగ్నైటర్ మోటార్ కోర్‌లో చిట్టచివరి దాకా, పైన ఫార్వర్డ్ క్లోజర్‌కి (మోటార్ పై మూతకి) తగిలేదాకా వెళ్లాలి. మోటార్ పక్కన తీగ పెట్టి కొలిచి నాజిల్ దగ్గర టేప్‌తో గుర్తు పెట్టుకోండి. దూర్చాక గుర్తు నాజిల్ బయట కనిపిస్తే ఇంకా లోపలికి వెళ్లలేదని అర్థం. బూస్టర్ తోస్తున్నంతసేపూ 9 జీల బరువు దాన్ని కిందికి లాగుతుంది, రెండు అంగుళాలు జారినా కింది గ్రెయిన్ (ఇంధన ముక్క) ఒక్కటే అంటుకుని ఒత్తిడి రాక ఉస్సుమంటుంది. సన్నటి వెదురు పుల్లకి తీగను రెండు చోట్ల కట్టి, పుల్ల కొస నాజిల్ మూతకి ఆనేలా పెట్టండి. మూతకి చిన్న గాటు ఉండాలి, పైకి వెళ్లేకొద్దీ లోపలి గాలి బయటికి పోవాలి.

ప్యాడ్ దగ్గర కారు బ్యాటరీతో వెలిగించే ఇగ్నైటర్లు ఇక్కడ పనికిరావు, వాటికి ఆల్టిమీటర్ ఇవ్వలేనంత కరెంట్ కావాలి. తక్కువ కరెంట్‌తో పేలే, కంపెనీ చేసినవే తీసుకోండి. అదే పెట్టెలోంచి మూడు తీసి, అదే బోర్డు, అదే బ్యాటరీ, అదే పొడవు తీగతో నేల మీద పేల్చి చూడండి. మోటార్ లేకుండా, దూరంగా, కళ్లద్దాలు పెట్టుకుని.

#12 · ఎండిన_సరస్సు · రీనో

రికవరీ గురించి ఎవరూ రాయలేదు. సస్టెయినర్ రెండు రకాలుగా దిగుతుంది: మోటార్ కాలి 2.3 కిలోలుగా, లేదా కాలక 2.6గా. పారాచూట్ రెండోదానికి కొనండి. 48 అంగుళాలది, డ్రాగ్ గుణకం 1.5 ఉన్నది, 2.6 కిలోలను సుమారు 5 మీ/సె తో దించుతుంది. ఎపోజీ చార్జ్ ఆల్టిమీటర్‌దే, మోటార్ డిలే (ఆరాక కాసేపటికి చార్జ్‌ని పేల్చే మోటార్ భాగం) మీద ఆధారపడకండి. అంటుకోని మోటార్‌కి డిలే అనేదే మొదలవదు. సస్టెయినర్ మోటార్‌కి ప్లగ్ వేసేయండి.

అంటుకోని కేసులో ఎపోజీ 5 వేల అడుగుల దగ్గరే, అంటుకుంటే 10 వేల పైన. రెండు ఎత్తుల్లోనూ చార్జ్‌లోని తుపాకీమందు (బ్లాక్ పౌడర్) బాగానే కాలుతుంది. 20 వేలు దాటే రాకెట్లకే గాలి పల్చబడి సగం మందు కాలకుండా ఎగిరిపోయే బాధ. అప్పుడు బిగించి మూసిన గొట్టాలో, కార్బన్ డయాక్సైడ్ పరికరమో కావాలి.

చార్జ్ లెక్క: 15 పీఎస్ఐ ఒత్తిడి కావాలంటే గ్రాముల్లో 0.006 × వ్యాసం × వ్యాసం × పొడవు, అంగుళాల్లో. 14 అంగుళాల బేకి 0.76 గ్రాము. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 3 అంగుళాల గుండ్రం మీద 15 పీఎస్ఐ అంటే 106 పౌండ్ల తోపు. 2-56 నైలాన్ పిన్ను ఒక్కోటి 35 పౌండ్ల దాకా ఆపగలదు. మూడు పెడితే 105, అంటే మిగులు సున్నా. మెయిన్ జాయింట్‌కి రెండు పిన్నులు పెట్టి, ఒక గ్రాముతో మొదలుపెట్టి నేల మీద పరీక్షించండి. పారాచూట్, తాడు, మంట తట్టుకునే నోమెక్స్ గుడ్డ అన్నీ మడిచి లోపల పెట్టే పరీక్షించాలి, ఖాళీ గొట్టం పరీక్ష ఏమీ చెప్పదు. బ్యాకప్ చార్జ్ పావు వంతు పెద్దది, ఒక సెకను ఆలస్యంగా.

ఆల్టిమీటర్ బయటి ఒత్తిడి చూసే గాలి రంధ్రాలు: 100 ఘన అంగుళాలకు ఒక పావు అంగుళం రంధ్రం అన్న లెక్కతో మీ 9 అంగుళాల బేకి మూడు రంధ్రాలు, 3 మి.మీ. చొప్పున, 120 డిగ్రీలకొకటి. ముక్కు వంపు ముగిసిన చోటికి నాలుగైదు వ్యాసాల కింద ఉండాలి, వాటి ముందు స్క్రూ తలలు ఉండకూడదు. డ్రిల్ చేశాక అంచులు వేలితో తడమండి, ఫైబర్ పోగు లేచి ఉంటే ఇసుక కాగితంతో తీసేయండి.

బూస్టర్‌కి దాని సొంత ఆల్టిమీటర్ కప్లర్ లోపలే. కప్లర్ బూస్టర్ గొట్టానికి రెండు పిన్నులతో ఉండి, దాని ఎపోజీలో చార్జ్ కప్లర్‌ని బయటికి తోయాలి. ట్రాకర్లు రెండు, వేర్వేరు ఫ్రీక్వెన్సీలు. 900 మెగాహెర్ట్జ్ వాటికి లైసెన్స్ అక్కర్లేదు, టెలీమెగా లాంటి 70 సెంటీమీటర్ల బ్యాండ్‌వాటికి హ్యామ్ టెక్నీషియన్ లైసెన్స్ కావాలి. నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారిలా కనుచూపు మేరా చదునున్న చోట కూడా ఫైబర్‌గ్లాస్ బూస్టర్ పగుళ్ల నేలలో కలిసిపోతుంది. కొట్టొచ్చే రంగు వేయండి.

#13 · గగనం_గుంటూరు

చాలా నేర్చుకుంటున్నాను, థాంక్స్ అండి. ఇండియాలో ఇలాంటిది ఎగరేయాలంటే దారేంటి? అమెరికా నుంచి వచ్చేవాళ్లతో మోటార్ తెప్పించుకోవచ్చా?

#14 · నింగిదారి · శాక్రమెంటో

మోటార్ సూట్‌కేసులో పెట్టడం అసలు ఆలోచించకండి తమ్ముడూ. రాకెట్ మోటార్లు విమానంలో చేతి సంచిలోనూ, చెక్ ఇన్‌లోనూ నిషేధం. ఇండియాలో వాటి దిగుమతి, నిల్వ, వాడకం 1884 పేలుడు పదార్థాల చట్టం, 2008 రూల్స్ పరిధిలోకి వస్తాయి, అనుమతులు నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) చూస్తుంది. అమెరికాలో ఈ మోటార్ల ప్రొపెల్లెంట్‌ని 2009లో కోర్టు తీర్పు తర్వాత పేలుడు పదార్థాల జాబితా నుంచి తీసేశారు, ఆ వెసులుబాటు అక్కడికే పరిమితం. ఇంట్లో ప్రొపెల్లెంట్ కలపడం మాత్రం వద్దే వద్దు.

దారి కాలేజీ జట్టుగా వెళ్లడమే. ఇన్‌స్పేస్ (కేంద్ర ప్రభుత్వ అంతరిక్ష సంస్థ) ఆధ్వర్యంలో విద్యార్థులకు మోడల్ రాకెట్రీ, క్యాన్‌శాట్ (డబ్బా సైజు నమూనా ఉపగ్రహం) పోటీలు జరుగుతున్నాయి. అక్కడ మోటార్, మైదానం, గగనతలం అనుమతి వాళ్లే చూసుకుంటారు. మీరు చూడాల్సింది మిగతా తొంభై శాతం, అది గుంటూరులో కూర్చునే చేయొచ్చు.

ఒక పని చెబుతాను. బారోమీటర్ ఆల్టిమీటర్‌ని గాలి తీసేసే వంటింటి డబ్బాలో పెట్టండి, చానళ్లకు ఇగ్నైటర్ల బదులు చిన్న బల్బులు. పంపుతో గాలి లాగుతూ ఒత్తిడి 1,013 నుంచి 843 హెక్టోపాస్కల్‌కి తెస్తే 5 వేల అడుగులు, 697కి తెస్తే 10 వేలు. లాగడం ఆపి మెల్లగా గాలి వదలండి. ఎపోజీ బల్బు ఎప్పుడు వెలిగింది, మెయిన్ బల్బు ఎన్ని అడుగులకు వెలిగింది రాసుకోండి. యాక్సెలరోమీటర్ ఉన్న బోర్డులు ఒత్తిడి ఒక్కదాన్నే నమ్మవు కాబట్టి ఈ పరీక్ష వాటికి సరిపోదు. రెండు దశల మీద ఆసక్తి ఉంటే ఇస్రో రోహిణి ఆర్‌హెచ్-200 గురించి చదవండి. 200 మి.మీ. వ్యాసం, రెండు ఘన ఇంధన దశలు, తుంబా నుంచి వాతావరణ పరిశోధనకు 70 కిలోమీటర్ల దాకా వెళ్లేది. మనం మాట్లాడుకుంటున్న సమస్యలన్నీ అందులోనూ ఉన్నాయి.

#15 · పినాకపాణి54 · డాలస్

మార్పులు: ఎలక్ట్రానిక్స్ సస్టెయినర్‌లో, విడిపోవడం గాలి లాగుడుతో, వాలు 15, కిటికీ 5 నుంచి 7. మెయిన్‌కి రెండు పిన్నులు. చివరి ప్రశ్న: ప్యాడ్ దగ్గర ఏది ముందు ఆన్ చేయాలి?

#16 · వైరింగ్_వాణి · ఆస్టిన్

పై మోటార్ ఇగ్నైటర్‌కి కంప్యూటర్ స్విచ్‌తో సంబంధం లేని విడి స్విచ్ ఉండాలి, తీగను నేరుగా తెంచేది. మోటార్‌ని గానీ రికవరీని గానీ వెలిగించే ఏ సర్క్యూటైనా రాకెట్ ప్యాడ్ మీదికి వచ్చేదాకా తెగి ఉండాలని సేఫ్టీ కోడ్ చెబుతుంది.

ట్రాకర్లు రెండూ బల్ల దగ్గరే ఆన్ చేసి సిగ్నల్ చూసుకోండి. రాకెట్ రైలెక్కి నిలువుగా నిలబడ్డాక, అవసరం లేనివాళ్లంతా వెనక్కి వెళ్లాక, ముందు స్ట్రాటోలాగర్. బీప్‌లు పూర్తిగా విని, రెండు చానళ్ల కంటిన్యుటీ (తీగ తెగకుండా ఉండడం) ఉందని తేలాకే ఈజీమెగా. దాని బీప్‌లు కూడా విన్నాక బూస్టర్ ఆల్టిమీటర్. మూడూ ఒకేసారి ఆన్ చేస్తే ఎవరి బీప్ ఎవరిదో తెలియదు. తర్వాత సస్టెయినర్ ఇగ్నైటర్ స్విచ్, మళ్లీ కంటిన్యుటీ వినాలి. అన్నిటికన్నా చివర బూస్టర్ మోటార్‌లో ఇగ్నైటర్. నిచ్చెన మీద ఉన్నప్పుడు మొహం గొట్టానికి పక్కన ఉండాలి, ఎదురుగా కాదు.

ఏ కారణంతో ఆగినా ఇదే వరుస వెనకనుంచి: బూస్టర్ ఇగ్నైటర్ బయటికి, సస్టెయినర్ స్విచ్ ఆఫ్, తర్వాత కంప్యూటర్లు, ఆ తర్వాతే రైలు వంచడం.

అంటుకోని సస్టెయినర్ దిగితే దాని దగ్గరికి పక్కనుంచి వెళ్లాలి, ముక్కు వైపు నుంచి గానీ నాజిల్ వైపు నుంచి గానీ కాదు. ముందు ఇగ్నైటర్ స్విచ్ ఆఫ్, తర్వాత కంప్యూటర్ ఆఫ్, అప్పుడు ఇగ్నైటర్ నాజిల్‌లోంచి లాగి రెండు కొసలూ కలిపి మెలితిప్పండి. ఫొటోలు ఆ తర్వాత.